మళ్ళీ ఒక్కసారి

పోయిన నెల్లో విజయవాడ నుంచి జగ్గయ్యపేట వెళ్తుంటే నందిగామ దాటగానే బస్సు ఆగిపోయింది. ముందు పోలీసు జీపు అడ్డంగా ఉంది, వెనక సిమెంటు లారీలు బారులు తీరాయి. ఉక్కకి తట్టుకోలేక కిటికీ అద్దం పక్కకి తోశాను. గుప్పుమని మట్టివాసన కొట్టింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆకాశంలో మబ్బుతునక లేదు, వాసన మాత్రం అచ్చం తొలకరిదే. పక్కసీటావిడ గాలి గట్టిగా పీల్చి, "ఎక్కడో వాన పడుతున్నట్టుందండి" అంది సంతోషంగా. "వాన కాదండి, హెలికాప్టరు దిగుతోంది" అన్నాను. ఆవిడ నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి బ్యాగు కాస్త దగ్గరికి లాక్కుంది. రెండు నిమిషాల్లో బస్సు కప్పు మీదుగా చప్పుడు రానే వచ్చింది. ఆవిడ నోరు తెరిచి నావైపు తిరిగేసరికి నా కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి. ఏం చెప్పను? ఆ వాసన గుర్తుపట్టడం నేర్పిన మనిషి పోయి రెండేళ్ళయింది.

"మబ్బు లేకుండా మట్టివాసనొచ్చిందంటే పెద్దాయనెవరో దిగుతున్నట్టే అమ్మాయ్" అనేవాడు యాకోబు బాబాయ్. హెలికాప్టరు దిగే గ్రౌండులో దుమ్ము లేవకుండా ముందురోజు నుంచే ట్యాంకర్లతో నీళ్ళు కొడతారు. "పొలానికి కాళ్ళావేళ్ళా పడ్డా రాని నీళ్ళు, ఫ్యాను తిరిగే బండికి మాత్రం అడక్కుండానే వచ్చేస్తాయి" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కసి ఉండేది కాదు. కసి నాకుండేది. మా ఇద్దరికీ తేడా అదే, పన్నెండేళ్ళు ఆయన్ని చూస్తూ నేర్చుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు.

యాకోబు బాబాయ్ మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. ముప్ఫయ్యేళ్ళు పేపర్లో ఆయన తీసిన ఫొటోలు వచ్చినా, ఒక్కదాని కిందా ఆయన పేరు రాలేదు. నందిగామ పాతబస్టాండు దగ్గర చిన్న స్టూడియో ఉండేది. పొద్దునపూట పాస్‌పోర్టు ఫొటోలు, మిగతా పొద్దంతా ఒక దినపత్రికకి నందిగామ ఫొటోగ్రాఫరు. మాకు చుట్టరికమేమీ లేదు. మా నాన్న నందిగామలో స్కూలు మాస్టరుగా ఉన్నప్పుడు ఇద్దరూ చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు, అంతే. డిగ్రీ అయ్యాక బీఈడీ చెయ్యమంటే నేను కెమెరా కావాలని భీష్మించుకుని కూర్చున్నాను. నాన్న విసిగిపోయి నన్ను తీసుకెళ్ళి ఆ స్టూడియోలో దింపాడు. "నాలుగు రోజులు నీ వెంట తిప్పుకో యాకోబూ, ఎండలో తిరిగితే పిచ్చి వదుల్తుంది" అన్నాడు. పిచ్చి వదల్లేదు, ముదిరింది.

మనిషి పొట్టి. ఐదడుగులకి రెండంగుళాలు ఎక్కువేమో, అదీ చెప్పులతో కలిపి. అందుకని ఎక్కడికి వెళ్ళినా స్కూటరు ముందు ఒక ముక్కాలిపీట పెట్టుకునేవాడు. నాలుగుకాళ్ళ పీటయితే ఎగుడుదిగుడు నేలమీద ఊగుతుందనీ, మూడుకాళ్ళది ఎక్కడ పెట్టినా నిలబడుతుందనీ దాని గొప్ప నాకు నూరుసార్లు చెప్పి ఉంటాడు. మీటింగుల్లో ఫొటోగ్రాఫర్లందరూ ఒకరినొకరు తోసుకుంటుంటే, ఈయన తాపీగా వెనక ఓ మూల పీట వేసుకుని ఎక్కేవాడు. జనం తలల మీదుగా ఆయన బట్టతల ఒక్కటి పైకి కనిపించేది. నేను గుంపులో ఎక్కడ చిక్కుకుపోయినా ఆ తల చూసి దారి పట్టేదాన్ని.

ఆయనకి గిట్టని మాట ఒకటుంది. తదితరులు. ప్రెస్‌నోటు ఏదైనా ఫలానావారు, ఫలానావారు, తదితరులు పాల్గొన్నారని ముగుస్తుంది కదా. "అమ్మానాన్నా పేరు పెట్టారు, బడిలో రాశారు, రేషను కార్డులో ఎక్కించారు. మనమొచ్చి తదితరులు అంటామా?" అనేవాడు. ఫొటో తీశాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అందులో పడిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి "మీ పేరేంటండి?" అని అడిగి రాసుకునేవాడు. తాడు పట్టుకుని జనాన్ని ఆపే కానిస్టేబుల్ని కూడా వదిలేవాడు కాదు. పేపరువాళ్ళు ఆ పేర్లన్నీ ఎలాగూ కొట్టేసేవాళ్ళు. "కొట్టేస్తారని తెలిసి ఎందుకు బాబాయ్ ఈ చాకిరీ?" అని నేను విసుక్కుంటే, "కొట్టెయ్యడం వాళ్ళ డ్యూటీ, అడగడం మన డ్యూటీ" అనేవాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకునేదాన్ని.

ఇక ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కొత్తలో ఒకసారి వాటర్‌ట్యాంకు ప్రారంభోత్సవానికి పంపాడు. నాయకుడు రిబ్బను కత్తిరించే క్షణానికి ఎవరిదో మోచెయ్యి నా కెమెరాకి తగిలి, ఫొటోలో ఆ మోచెయ్యి తప్ప ఏమీ పడలేదు. స్టూడియోకి వచ్చి ఏడ్చాను. బాబాయ్ టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, ఏడవడం దేనికి? సార్, మళ్ళీ ఒక్కసారి అనాలి. వాళ్ళు కాదనరు. కత్తిరించిన రిబ్బను మళ్ళీ ముడేసి మరీ కత్తిరిస్తారు. మళ్ళీ అంటే చేదా వాళ్ళకి?" అన్నాడు. అది నిజమే. ఆ తరవాత ఆ మంత్రం నాకు నోటికొచ్చేసింది. శాలువాలు మళ్ళీ కప్పించాను, చెక్కులు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇప్పించాను, నాటిన మొక్కకి మూడోసారి నీళ్ళు పోయించాను. బాబాయ్ గొంతులో ఉండే సాగదీత కూడా నాకొచ్చిందని ఊళ్ళో ఫొటోగ్రాఫర్లు ఏడిపించేవాళ్ళు.

పెద్దాయన ఒకరి బహిరంగసభకి నన్ను మొదటిసారి తీసుకెళ్ళిన రోజు నేను నల్లచున్నీ వేసుకున్నాను. గేటు దగ్గర లేడీ కానిస్టేబులు ఆపేసింది. కెమెరా చూసింది, పాసు చూసింది, చివరికి చున్నీ పట్టుకుంది. "ఇది తీసిచ్చి వెళ్ళమ్మా. నల్లగుడ్డ లోపలికి పోనివ్వద్దన్నారు" అంది. నల్లజెండాలు చూపిస్తారేమోనని భయమట. పక్కన చూద్దును కదా, నల్లచొక్కా వేసుకొచ్చిన ఓ పెద్దమనిషి బనీనుతో నిలబడి ఉన్నాడు, గొడుగులు కుప్పపోసి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. చున్నీ ఇవ్వనని పేచీకి దిగాను. బాబాయ్ మధ్యలోకి వచ్చి, భుజం మీది తన తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది కప్పుకో తల్లీ. ఆ అమ్మాయి ఉద్యోగం చేసుకుంటోంది. తెల్లారకుండా వచ్చి ఉంటుంది, మంచినీళ్ళు కూడా ఇచ్చారో లేదో" అన్నాడు. తరవాత ఆ కానిస్టేబుల్ని పేరు అడిగి రాసుకున్నాడు కూడా. నేను ఆ గళ్ళతువ్వాలు కప్పుకుని, రగిలిపోతూ, సభంతా ఫొటోలు తీశాను.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, ఇంతమంది పోలీసులూ తుపాకులూ పెట్టుకుని ఒక గజం గుడ్డకి భయమేంటని. బాబాయ్ స్కూటరు వేగం తగ్గించాడు. "గుడ్డకి కాదు అమ్మాయ్, మనకి భయం. ఆ గుడ్డ ఎవరూ చూడకపోతే గుడ్డే. నీ ఫొటోలో పడితేనే జెండా అవుతుంది. అందుకే, మనకి పాసు ఎందుకిచ్చారో మర్చిపోకు. మన మీద ప్రేమతో కాదు" అన్నాడు. కెమెరా అంటే అప్పటిదాకా నాకు సరదా. అది ఎవరి చేతిలోనో పనిముట్టు కాగలదని మొదటిసారి ఆ రోజు అనిపించింది. అనిపించింది గానీ ఒంటబట్టలేదని తరవాత తెలిసింది.

రెండేళ్ళకి మరో పత్రికలో నాకు జగ్గయ్యపేట పని దొరికింది. బాబాయే మాట సాయం చేశాడు. పోటీ పత్రికలం అయినా ఒకరి కబురు ఒకరికి చెప్పుకునేవాళ్ళం. అలాంటి ఒక పొద్దున ఆయన నుంచి ఫోను. వత్సవాయి అవతల ఓ పల్లెకి చెందిన జవాను సరిహద్దులో మంచుచరియ విరిగిపడి చనిపోయాడట, శవపేటిక మర్నాడు వస్తోందట. పేరు అనిల్. తండ్రి లేడు. తల్లి కరుణమ్మ పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్ళి ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. ఊరి చివరున్న తమ పేటలోకి రోడ్డు వెయ్యమని అనిల్ సెలవులకి వచ్చినప్పుడల్లా అర్జీ పెట్టేవాడని అక్కడివాళ్ళు చెప్పారు. మేం వెళ్ళేసరికి ఆ దారిన కొత్త గ్రావెల్ పోసి రోలరు తిప్పేశారు.

జగ్గయ్యపేట నుంచి ఆ ఊరిదాకా బైకుల ర్యాలీ. ప్రతి బండికీ జెండా. దారిపొడుగునా బడిపిల్లలు చిన్నజెండాలు పట్టుకుని నిలబడ్డారు. పూలతో కప్పిన మిలటరీ ట్రక్కు మెల్లగా వస్తుంటే "భారత్ మాతా కీ జై" అని వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. నాకూ ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు చెప్పాలి? వెక్కివెక్కి ఏడుస్తూనే ఫొటోలు తీశాను. ఆ నినాదాల మధ్య కరుణమ్మ, పక్కనున్నావిడ భుజం పట్టుకుని, వచ్చినవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే చూస్తోంది. ఇంతమంది తన కొడుక్కి ఎప్పుడు పరిచయమయ్యారా అని వెతుక్కుంటున్నట్టు నాకనిపించింది. ఆమె పక్కనే ఒక పెద్ద నాయకుడు నిలబడ్డాడు. పేరు ఎందుకులెండి, ఏ పార్టీ అయినా ఆ చోటు ఖాళీగా ఉండదు.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయింది. సైనికులు గాల్లోకి తుపాకులు పేల్చారు. పేటిక మీది జెండాని నలుగురు జవాన్లు నాలుగు కొసలూ పట్టుకుని మడిచారు. ఒక యువ అధికారి ఆ మడతని రెండు అరచేతుల మీద పెట్టుకుని వచ్చి, తలవంచి, కరుణమ్మ చేతుల్లో పెట్టాడు. సరిగ్గా ఆ క్షణంలో నాయకుడి అనుచరుడు ఒకడు సెల్‌ఫోను పైకెత్తుకుని నా ముందుకి వచ్చేశాడు. నా ఫొటోలో వాడి వీపు తప్ప ఏమీ లేదు. ఆమె జెండాని పొట్టకి అదుముకుంది. అంతటితో అయిపోయిందది.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే అనేదాన్ని కాదు. నోరు అలవాటు చొప్పున తెరుచుకుంది.

"అమ్మా, మళ్ళీ ఒక్కసారి!"

అంతమంది జనంలో నా గొంతొక్కటే వినిపించింది. నాయకుడు నావైపు చూశాడు. విషయం ఆయనకి వెంటనే అర్థమైంది, మా ఇద్దరికీ తెలిసిన భాషే కదా. కరుణమ్మవైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. "ఇటివ్వమ్మా, ఫొటో రాలేదంట" అన్నాడు, చాలా మెత్తగానే. ఆమె ఆయన మొహం చూసింది, చేతులు చూసింది, పొట్టకి అదుముకున్న జెండాని తీసి ఇచ్చేసింది. ఆయన కెమెరాలకి అనువుగా పక్కకి తిరిగి, మూడురంగులూ కనిపించేట్టు సర్దుకుని, మళ్ళీ ఆమెకి అందించాడు. "సార్, ఇటు కూడా" అని ఇంకెవరో అరిచారు. మరోసారి తీసుకున్నాడు, మరోసారి ఇచ్చాడు. ఆ యువ అధికారి నేలకేసి చూస్తూ నిలబడిపోయాడు. నేను నొక్కుతూనే ఉన్నాను. గొయ్యికి అవతలివైపు బాబాయ్ పీట మీద ఉన్నాడు. జనం తలల మీదుగా కనిపించే ఆయన తల, నేను చూస్తుండగానే కిందికి దిగిపోయింది.

నా జీవితంలో నేను తీసిన ఫొటోలన్నిటిలోకీ బాగా వచ్చింది అదే. మాతృమూర్తికి జాతీయపతాకం అందజేత అని మొదటిపేజీలో వేశారు. హైదరాబాదు నుంచి ఫోన్లు వచ్చాయి. మా నాన్న పది కాపీలు కొని చర్చిలో పంచాడు. వారం తిరక్కుండా ఆ ఫొటో హైవే పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ అయింది, నాయకుడి బొమ్మ ఇంకాస్త పెద్దది చేసి. చూసిన ప్రతివాళ్ళూ ఆ తల్లి కళ్ళ గురించే మాట్లాడారు. ఆమె జెండా మీంచి చూపు తిప్పకపోవడం చూసి, దేశభక్తి అంటే అదీ అన్నారు. నేను ఆ ఫొటో పెద్దది చేసుకుని చూసుకున్నాను. అందులో ఉన్నది దేశభక్తి కాదు. ఈయన దాన్ని తిరిగి ఇస్తాడా, ఇవ్వడా అని చూస్తున్న చూపు. ఆ సంగతి మొదటిరోజే నాకు తెలుసు. పదిమంది మెచ్చుకుంటుంటే తెలియనట్టు ఉండిపోయాను.

అందరూ ఫోను చేశారు, బాబాయ్ ఒక్కడూ చెయ్యలేదు. చిన్న ఫొటో బాగా వచ్చినా ఫోను చేసి పావుగంట ఏడిపించే మనిషి. నాకు కోపం వచ్చింది, తరవాత భయం వేసింది. ఉండబట్టలేక వాళ్ళావిడ సలోమి పిన్నికి ఫోను చేశాను. అసలు ఫొటో, ఆ అధికారి జెండా ఇస్తున్నది, బాబాయ్‌కి వచ్చిందట. అదే పంపించాడట. "ఇందులో నాయకుడేడీ? మిగతా పేపర్లన్నిటికీ ఉంది, మనకెందుకు లేదు?" అని ఆఫీసువాళ్ళు అడిగారట. "ఇచ్చింది ఆయన కాదండి" అన్నాడట ఈయన. వాళ్ళు ఎక్కడి నుంచో వేరే ఫొటో తెప్పించి వేసుకున్నారు. "నాలుగు రోజులుగా సరిగ్గా తినట్లేదే. నీ మీద కోపం కాదులే, ఏదో ఆలోచించుకుంటున్నాడు" అంది పిన్ని.

ఆదివారం ప్రార్థన అయ్యాక బాబాయ్ స్కూటరు మా ఇంటి ముందు ఆగింది. పీట లేదు, కెమెరా లేదు, చేతిలో ఒక కవరు మాత్రం ఉంది. "పద, కరుణమ్మగారి దగ్గరికి వెళ్ళొద్దాం" అన్నాడు. దారిలో ఫ్లెక్సీ వచ్చింది. ఇద్దరం చూడనట్టే దాటిపోయాం. వత్సవాయి చేరాక టీకొట్టు దగ్గర ఆపాడు. టీ సాసర్లో పోసుకోకుండా గ్లాసుతోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ మాట నీది కాదు అమ్మాయ్, నాది" అన్నాడు. "నీ గొంతులో నా గొంతే వినబడింది నాకు."

"అన్నది నేనే కదా బాబాయ్."

"ఎక్కడ అనాలో నేర్పా. ఎక్కడ అనకూడదో నేర్పలేదు. నేర్పడానికి నాకు మాత్రం తెలిస్తే కదా? ఇన్నేళ్ళూ అదో వేళాకోళం అనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. టీకొట్టతను చూస్తున్నాడని కూడా లేదు. ఆవిడ కాళ్ళు పట్టుకుని తప్పయిపోయిందని చెప్తానన్నాను. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు తల్లీ. నువ్వు క్షమించమంటే ఆవిడ క్షమించాల్సొస్తుంది. అది మళ్ళీ ఏదో ఒకటి ఇమ్మని అడిగినట్టే కదా. ఆవిడ ఇచ్చింది చాలదూ? మనం ఈ ఫొటో ఇచ్చి వచ్చేద్దాం, అంతే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా మంట తగ్గదని నాకు తెలుసు. కానీ పట్టుకోవడానికి ఆకు కూడా లేకుండా చేశాడే అని ఆ నిమిషంలో ఆయన మీద కోపం వచ్చింది. తప్పు ఒప్పుకుని ఏడిస్తే నా బరువు దిగుతుంది. ఆ దిగిన బరువు ఎవరి మీదికి వెళ్తుందో ఆయన చూశాడు, నేను చూడలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా, ఎవరికైనా సారీ చెప్పబోయే ముందు మనసులోనే ఆ టీకొట్టు బల్ల మీద ఒక నిమిషం కూర్చుని లేస్తాను.

కరుణమ్మ వసారాలో గోనెపట్టా మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాబాయ్‌ని చూసి గుర్తుపట్టి, "పీట మీద నిలబడ్డారు కదూ మీరు? రండి, కూర్చోండి" అంది. బాబాయ్ కవరులోంచి ఫొటో తీసి ఇచ్చాడు. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకుంది. కొడుకు పేటిక, వంగిన ఆ అధికారి, మధ్యలో జెండా, ఇటు తను. చాలాసేపు చూసింది.

"ఇది మొదటిసారిది" అంది. "ఈ సారుకి చేతులు వణికినయ్యి. మావాడి ఈడోడే పాపం. మొగానికి మొగం చూళ్ళేకపోయాడు."

"అవునమ్మా, మొదటిసారిదే" అన్నాను నేను. అక్కడికి వెళ్ళాక నేను మాట్లాడిన మొదటిమాట అది. ఆమె చటుక్కున తలెత్తింది.

"ఆరోజు అరిచింది నువ్వేనా అమ్మా? గొంతు గుర్తుంది నాకు."

బాబాయ్‌వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు. అవునని తలూపాను. క్షమించమని అడగకూడదు, అడగకుండా ఉండలేను. ఆమె మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది. ఒక గింజ తీసి పక్కన పడేసింది.

"ఏం లేదులే" అంది. "ఇటివ్వమ్మా అన్నాడాయన. మళ్ళీ ఇస్తారులే అని ఇచ్చేశా. పిల్లోణ్ణి కూడా అట్టాగే పంపిచ్చా. మళ్ళీ ఇస్తారులే అని."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, తిట్టిందని ఏడ్చి ఊరుకునేదాన్ని. మేం లేచేటప్పుడు ఆమె గుప్పెడు చింతపండు కాగితంలో పొట్లం కట్టి బాబాయ్ చేతిలో పెట్టింది. కొత్తదండి, పులుసుకి బాగుంటది, అంది. ఆయన వద్దనలేదు. రెండు చేతులా తీసుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు. గుమ్మం దాటాక అరచేత్తో మొహం తుడుచుకుంటూ, "చూశావా, ఇచ్చే చెయ్యి అడక్కపోయినా ఆగదు" అన్నాడు.

ఆ రోజు తరవాత ఆయన నోట ఆ మంత్రం నేను వినలేదు. రిబ్బను కత్తిరింపులకి కూడా అనేవాడు కాదు. దొరికితే దొరికింది, లేకపోతే లేదు. ఫొటోలు తప్పిపోతున్నాయని ఆఫీసువాళ్ళు నాలుగుసార్లు చీవాట్లు పెట్టి, చివరికి మరొకర్ని పెట్టుకున్నారు. ఆయన పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటూ, వచ్చినవాళ్ళ పేర్లు అడిగి రాసుకుంటూ హాయిగానే ఉన్నాడు. నేనే ఆయన తరఫున కోపం తెచ్చుకున్నాను. "నా ఉద్యోగం మీద నీకంత మమకారం ఏంటే?" అని చివరిదాకా ఏడిపించాడు. ఆయన్ని నేనెంత ప్రేమించానో ఎప్పుడూ చెప్పలేదు. ఇది రాస్తుంటే తెలుస్తోంది, అందుకే రాస్తున్నానని.

ఇప్పుడు నేను పెద్ద పత్రికలోనే ఉన్నాను. చావు జరిగిన ఇళ్ళకి వెళ్ళక తప్పదు. క్వారీలో రాయి పడి పోయినవాళ్ళు, అప్పులకి పోయిన రైతులు, సరిహద్దు నుంచి పెట్టెలో వచ్చినవాళ్ళు. అలాంటి ఇంటికి వెళ్తే మా వృత్తిలో మొదట చేసే పని ఒకటుంది. పోయినవాళ్ళ ఫొటో ఇవ్వండమ్మా, కాపీ తీసుకుని ఇచ్చేస్తాం అని అడిగి తీసుకోవడం. చాలా ఇళ్ళలో ఉండేది ఒక్కటే ఫొటో. కొన్ని తిరిగి వెళ్తాయి, కొన్ని వెళ్ళవు. నేను మాత్రం తీసుకోను. మీ చేతుల్లోనే ఉంచుకోండమ్మా అంటాను. వాళ్ళు గట్టిగా పట్టుకుని ఉంటారు, నేను వంగి ఆ ఫొటోకి ఫొటో తీసుకుంటాను. చేతులు వణికితే ఆగేదాకా కూర్చుంటాను. అందుకే నేను పంపేవాటిలో ఒక మూల ఎప్పుడూ ఒక బొటనవేలు పడుతుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఫోను చేస్తారు, "మేడం, అంచున ఎవరిదో వేలు పడింది, కత్తిరించేస్తున్నానండి" అని. వద్దు, ఉండనివ్వండి, అది వాళ్ళమ్మది, అంటాను.